డబ్బా మీది అంకె మన పెద్దవాళ్ళ కోసం వేసింది కాదు

ఈమధ్య పాట్‌లక్ డిన్నర్లలో నన్ను పక్కకి పిలిచి అడిగే ప్రశ్నలు మారాయి. ఇదివరకు బీపీ మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అని అడిగేవాళ్ళు. ఇప్పుడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మకి మోకాళ్ళ నొప్పులండీ, రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఆ గమ్మీలు ఇవ్వొచ్చా? ఎంత ఇవ్వాలి?" అంటున్నారు. గంజాయి కలిపిన జెల్లీ ముక్కలన్నమాట. నేను కాలిఫోర్నియాలో ఫార్మసిస్టుని. గంజాయి షాపులతో నాకు పనిలేదు, వాళ్ళ సరుకు మా కౌంటరు మీదకి రాదు. అది తినేవాళ్ళు వేసుకునే మిగతా మందులు మాత్రం రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి.

ఎంత అన్నదానికి సూటి జవాబే ఉంది. మొదటిసారి తినేవాళ్ళకి 2.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం), అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. కెనడా ఆరోగ్య శాఖ చెప్పేదీ అదే. 65 దాటినవాళ్ళయితే 1 మిల్లీగ్రాము నుంచి మొదలుపెట్టమంటాను నేను. కానీ ఈ అంకె ఒక్కటి చెప్పి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎమర్జెన్సీ గదికి చేరడం వెనక లెక్క తప్పిన మిల్లీగ్రాములు ఎంత ఉన్నాయో, ఆ తగ్గించిన గొంతు కూడా అంతే ఉంది. అసలు మాట అదే. ముందు లెక్క చూద్దాం.

కాలిఫోర్నియా ఓటర్లు 2016 నవంబరులో గంజాయిని చట్టబద్ధం చేసే ప్రాప్ 64ని గెలిపించారు. 2018 జనవరి 1 నుంచి 21 ఏళ్ళు నిండిన ఎవరికైనా షాపుల్లో అమ్మకాలు మొదలయ్యాయి. తినే సరుకైతే ఒక్కో వంతుకి 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ మించకూడదు, ప్యాకెట్ మొత్తానికి 100 మించకూడదు అని నిబంధన. కొత్తవాళ్ళు ఈ 10ని చూసి "ఒక మనిషికి ఒక డోసు" అనుకుంటారు. క్రోసిన్ బిళ్ళ మీద 500 అని ఉంటే ఒక బిళ్ళ వేసుకుంటాం కదా, అలాగన్నమాట. ఈ 10 మాత్రం ఏ పెద్దావిడ మీదో పరీక్షించి తేల్చిన డోసు కాదు. ఇంతకు మించి అమ్మొద్దని షాపులకి గీసిన గీత. కెనడాలోనైతే ప్యాకెట్ మొత్తానికే 10 మించడానికి వీల్లేదు. సరిహద్దు దాటితే ఒక ముక్కలో ఉండే సరుకు ప్యాకెట్ అంతా అవుతుందంటే, ఈ గీతలు ఎవరికి తోచినట్టు వాళ్ళు గీసుకున్నవని తెలియట్లా?

నా వైపు నుంచి ఇంకో పోలిక చెప్తాను. ఇదే టీహెచ్‌సీ అమెరికాలో 1985 నుంచి ప్రిస్క్రిప్షన్ మందుగా ఉంది. పేరు డ్రోనాబినాల్. కీమోథెరపీలో వాంతులు ఆగనివాళ్ళకి, ఎయిడ్స్‌తో ఆకలి చచ్చి బరువు తగ్గేవాళ్ళకి ఇస్తారు. దాంతోపాటు వచ్చే కాగితంలో, ఆకలి కోసం ఇచ్చేటప్పుడు వయసు మళ్ళినవాళ్ళకి రోజుకి ఒక్కసారి 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే సంగతి ఆలోచించమని రాసి ఉంటుంది. డాక్టరు రాసి, ఫార్మసిస్టు చూసి, నర్సు ఆరా తీసే చోట 2.5. ఎవరూ చూడని వంటింట్లో 10.

ప్యాకెట్ ఒకటి తీసి చూడండి. పిల్లలు తెరవకుండా రెండు చేతులతో నొక్కి లాగాల్సిన జిప్పు. ముందువైపు త్రికోణంలో ఆశ్చర్యార్థకం, గంజాయి ఆకు, కింద సీఏ అనే అక్షరాలు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సమాచారం. అది మా నాన్నలాంటివాళ్ళు కళ్ళజోడు పెట్టుకున్నా చదవలేరు. లోపల పంచదార అద్దిన పది ముక్కలు, ఎరుపు, పసుపు. నాలుగో వంతు చేద్దామని కత్తి పెడితే కత్తికి అంటుకుని వంకరగా తెగుతుంది. తెగినా, నాలుగు ముక్కల్లోనూ సరుకు సమానంగా ఉందని హామీ లేదు. అందుకే ఇంట్లో ఆపరేషన్లు పెట్టుకోకుండా 2 లేదా 2.5 మిల్లీగ్రాముల ముక్కలే ఉన్న ప్యాకెట్ అడిగి తీసుకోవడం నయం. అవి దొరుకుతాయి. అడక్కపోతే వాటంతట అవి మీ ముందుకి రావు.

ఇక రెండో లెక్క టైముది. ఇది మొదటిదానికన్నా ఎక్కువమందిని ముంచింది. కొలరాడోలో షాపులు తెరిచిన 2014లోనే న్యూయార్క్ టైమ్స్ కాలమిస్టు మోరీన్ డౌడ్ డెన్వర్ హోటల్ గదిలో గంజాయి చాక్లెట్ బార్ కాస్త కొరికింది. ఏమీ కాలేదని ఇంకాస్త కొరికింది. ఆ తరవాత ఎనిమిది గంటలు భయంతో ముడుచుకుని మంచం మీద పడి ఉంది, ఒక దశలో చచ్చిపోయాననే అనుకుంది. కొత్తవాళ్ళు ఆ బార్‌ని 16 ముక్కలు చేసుకోవాలని తరవాత ఎవరో చెప్పారట. ఆమె కాలమ్ చదివి అప్పట్లో నవ్వినవాళ్ళున్నారు. అదే ఏడాది మార్చిలో అదే ఊళ్ళో జరిగిన ఇంకో సంగతికి మాత్రం ఎవరూ నవ్వలేదు. 19 ఏళ్ళ కాలేజీ కుర్రాడు 65 మిల్లీగ్రాములున్న కుకీ కొన్నాడు. షాపువాడు చెప్పినట్టు మొదట ఆరో వంతు ముక్కే తిన్నాడు. గంటలోపు ఏమీ తెలియకపోయేసరికి మిగిలిందంతా తినేశాడు. ఆ తరవాత రెండున్నర గంటలకి నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి కిందకి దూకి చనిపోయాడు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ దీని మీద ప్రత్యేకంగా నివేదిక వేసింది. ఆ కుర్రాడు డోసు సరిగ్గానే తీసుకున్నాడు. ఆగలేకపోయాడు.

పొగ తాగితే నిమిషాల్లో తెలుస్తుంది. తింటే అరగంట నుంచి రెండు గంటలదాకా అసలేమీ తెలియకపోవచ్చు. నాలుగు గంటలదాకా పెరుగుతూనే ఉండొచ్చు, మొత్తం మత్తు 12 గంటలు నిలవొచ్చు, మర్నాడు కూడా తల దిమ్ముగా ఉండొచ్చు. కడుపులోంచి వెళ్ళిన టీహెచ్‌సీని కాలేయం ఇంకో రూపంలోకి మారుస్తుంది. 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీ అంటారు. అది మెదడులోకి ఇంకా సులువుగా దూరుతుంది. అందుకే "కాలేజీ రోజుల్లో రెండు దమ్ములు కొట్టాం, ఏమైంది?" అనే అనుభవం గమ్మీ దగ్గర పనికిరాదు.

దీనికి మన భోజనం ఇంకో మెలిక పెడుతుంది. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది. భంగుని పాలల్లోనో నేతిలోనో కాచేది అందుకే. డ్రోనాబినాల్‌ని బాగా కొవ్వున్న భోజనంతో ఇచ్చి చూస్తే ఒంట్లోకి చేరే మొత్తం మందు దాదాపు మూడు రెట్లయింది, అది పైకెక్కే సమయం నాలుగు గంటలు వెనక్కి జరిగింది. అంటే ముద్దపప్పులో నెయ్యి దండిగా వేసుకుని, ఆవకాయ నంజుకుని, ఆపైన గమ్మీ తిన్న మనిషికి రెండు గంటలు ఆగి చూడమన్న సలహా కూడా చాలదు. మొదటిసారి తిన్న రోజు రెండో ముక్క లేదు, అంతే. చాలలేదనిపిస్తే ఆ మాట రెండు మూడు రోజుల తరవాత చూసుకోవచ్చు.

కాలేజీ రోజుల సంగతి వచ్చింది కాబట్టి: 1965 తరవాత ఈ దేశం తలుపులు తెరిచినప్పుడు వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇప్పుడు 70లు, 80ల్లో ఉన్నారు. వాళ్ళలో కొందరు కుర్రతనంలో రుచి చూసినవాళ్ళే, పైకి చెప్పరుగానీ. 1995 ప్రాంతంలో అమెరికా పోలీసులు పట్టుకున్న గంజాయిలో టీహెచ్‌సీ సగటున 4 శాతం. 2014కి అది 12 అయింది. ఇప్పుడు షాపు అరల్లో 20 దాటినది మామూలు. సరుకు మారింది, తాగిన మనిషి ఒళ్ళూ మారింది. వయసుతో కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది, టీహెచ్‌సీ అందులో దాక్కుంటుంది. కాలేయం నెమ్మదిస్తుంది. కుర్రాడు తూలితే సోఫాలో పడతాడు, 75 ఏళ్ళావిడ తూలితే తుంటి ఎముక విరుగుతుంది.

ఆ తూలడం ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పొచ్చు. రాత్రి రెండింటికి, మంచానికీ బాత్రూముకీ మధ్య. టీహెచ్‌సీ గుండె వేగాన్ని పెంచుతుంది, పడుకున్న మనిషి లేచి నిలబడగానే బీపీని పడేస్తుంది. ఇక ఆ మనిషి మందుల డబ్బా తెరవండి. ఇండియా నుంచి ఆరు నెలలకి సరిపడా తెచ్చుకున్న స్ట్రిప్పులు, రబ్బరు బ్యాండు వేసి: బీపీకి టెల్మా, ఆమ్లోడిపిన్, గుండెకి ఎకోస్ప్రిన్. పెద్దాయనకి ప్రోస్టేట్ ఉంటే టామ్సులోసిన్, అదీ నిలబడితే బీపీ దించేదే. నరాల మంటలకి ప్రీగబాలిన్, మగత తెస్తుంది. "నిద్రకి మా డాక్టరు ఎప్పుడో రాశాడమ్మా" అని పదేళ్ళుగా మింగుతున్న ఆల్‌ప్రజోలమ్, అదీ అంతే. గుండె కవాటం మార్చినవాళ్ళకి అసిట్రోమ్ ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే ఈ మందునీ టీహెచ్‌సీనీ విరగ్గొట్టే పనిలో కాలేయానికి ఒకే ఎంజైము వాడకం ఎక్కువ, కాబట్టి ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) చూసుకోకుండా దీనితో ఆడకూడదు. ఈ డబ్బా చూడకుండా ఎన్ని మిల్లీగ్రాములు అని చెప్పేవాడు, చెప్పేది గాలిలో లెక్కే.

కాలిఫోర్నియాలో 65 దాటినవాళ్ళ ఎమర్జెన్సీ కేసులు ప్రతి లక్షలో గంజాయికి సంబంధించినవి 2005లో 21 దాకా ఉంటే, 2019కి 395 అయ్యాయి. వీళ్ళలో ఎంతమంది ఇంట్లోవాళ్ళు ముందుగా డాక్టరుకి చెప్పారో ఏ లెక్కల్లోనూ ఉండదు.

మాకు తెలిసిన ఇంట్లో జరిగింది చెప్తాను. పేర్లొద్దు. ఆవిడకి 70 పైనే, పౌరసత్వం కూడా వచ్చింది. నిద్ర పట్టదని రోజూ అంటుంటే కొడుకు ఒక రాత్రి గమ్మీ చేతిలో పెట్టి, "నిద్ర పట్టే విటమిన్ అమ్మా" అన్నాడు. 10 మిల్లీగ్రాములది, పూర్తిగా. అన్నం తిన్నాక తింది. పది గంటలకి కూడా నిద్ర రాలేదు. విటమినే కదా, తియ్యగానూ ఉంది, డబ్బా ఎక్కడుందో చూసింది. ఇంకోటి నోట్లో వేసుకుంది. అర్ధరాత్రి దాటాక, "ఒరే, గోడలు దగ్గరికొస్తున్నాయిరా, గుండె నోట్లోకొస్తోంది" అని కేకలు. 911కి ఫోన్ చేశారు. ఆసుపత్రిలో మాట తడబడుతుంటే పక్షవాతమేమోనని స్కాన్ తీశారు, ఈసీజీ, రక్తపరీక్షలు. కొడుకు నోరు విప్పలేదు. అమ్మ ముందు చెప్పడానికి సిగ్గు, డాక్టరు ముందు చెప్పడానికి భయం. చివరికి కోడలు కర్టెన్ అవతలికి వెళ్ళి నర్సుకి చెప్పింది. నర్సు ఏమీ ఆశ్చర్యపోలేదు, ఎన్ని తిన్నారు, ఎన్నింటికి అని మాత్రం అడిగి రాసుకుంది. మర్నాడు ఇంటికొచ్చాక ఆవిడ కొడుకుతో అన్నమాట: "అదేంటో నాకు చెప్పి ఇచ్చుంటే ఒక్కటే తిని ఊరుకునేదాన్ని కదరా."

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అంతకన్నా మంచి డోసింగ్ సలహా ఎక్కడా కనబడలేదు. తల్లికి చెప్పకుండా ఆమె ఒంట్లోకి మత్తుమందు పంపడం ప్రేమతో చేసినా తప్పే. "చెప్తే తినదు" అంటారా? తినకపోతే తినదు. అది ఆమె ఇష్టం.

ఈ దాపరికం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మనకి గంజాయి అంటే అల్లూరి జిల్లా కొండలు, చెక్‌పోస్టులు, లారీ అడుగున దొరికిన మూటలు. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రా పోలీసులు అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అది టీవీలో చూసిన అమ్మకి, అదే సరుకు కొడుకు ఫ్రిజ్‌లో రంగురంగుల జెల్లీగా ఉందని చెప్పడం తేలికేం కాదు. పైగా ఇండియాలో మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ఇప్పటికీ చట్టమే. ఇక్కడ కొన్న ప్యాకెట్ సూట్‌కేసులో మర్చిపోయి శంషాబాద్‌లో దిగితే "కాలిఫోర్నియాలో లీగల్ సార్" అన్న మాట చెల్లదు.

ఇక్కడా అంత హాయిగా ఏం లేదు. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదు, ఇమిగ్రేషన్ మొత్తం ఫెడరల్. పౌరులు కానివాళ్ళు గంజాయి దగ్గర పెట్టుకున్నామని అధికారి ముందు ఒప్పుకుంటే, కేసు లేకపోయినా, శిక్ష పడకపోయినా, దేశంలోకి రానివ్వకుండా ఆపొచ్చు. పౌరసత్వానికి అప్లై చేసేవాళ్ళకి రాష్ట్రంలో లీగల్ అయినా మంచి నడవడి ఉందని చూపించుకోవడానికి ఇది అడ్డు కావొచ్చని ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి నా మాట ఇది: విజిటర్ వీసా మీద ఆరు నెలలు వచ్చిన అమ్మానాన్నలకి వద్దు. డోసు గురించి చర్చే వద్దు. వాళ్ళకి ఇక్కడ డాక్టరు లేడు, ఉన్న విజిటర్ ఇన్సూరెన్స్ ఇలాంటి రాత్రికి డబ్బులు కడుతుందన్న నమ్మకం లేదు, మళ్ళీ వీసా కావాలి. గ్రీన్ కార్డు వాళ్ళు లాయరుని అడక్కుండా ముట్టుకోకపోవడం మంచిది. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి దేశమంతా లీగల్ కాబట్టి అక్కడివాళ్ళకి ఈ బాధ తక్కువ. నయాగరా చూడ్డానికి అమెరికా వైపుకి వచ్చేటప్పుడు మాత్రం హ్యాండ్‌బ్యాగ్ ఒకసారి దులుపుకోవాలి.

అంటే దాచడానికి నిజంగానే కారణాలున్నాయి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, పార్టీలో చెప్పకండి, ఫేస్‌బుక్‌లో ఫోటో వద్దు. నాకేం అభ్యంతరం లేదు. తినే మనిషికీ, ఆ మనిషిని చూసే డాక్టరుకీ, అదే ఇంట్లో పడుకునేవాళ్ళకీ మాత్రం దాచకూడదు. మీ ఫ్యామిలీ డాక్టరు ఇమిగ్రేషన్ ఆఫీసుకి ఫోన్ చేయడు, రోగి వివరాలు బయటపెట్టకూడదన్న చట్టం ఆయన మీద ఉంది. గ్రీన్ కార్డు కోసం చేసే మెడికల్ పరీక్ష వేరే సంగతి, అక్కడి డాక్టరు ప్రభుత్వం కోసం చూస్తాడు. ఈ రెంటినీ కలిపేసుకుని చాలామంది ఏ డాక్టరుకీ ఏమీ చెప్పడం లేదు.

రెండో వర్గం ఉంది. వీళ్ళు గొంతు తగ్గించరు, పెంచుతారు. "శివుడి ప్రసాదం, ఆయుర్వేదంలో ఉంది, నేచురల్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అంటారు. నేచురల్ అయినంత మాత్రాన బీపీ పడిపోకుండా ఉండదు. ఉమ్మెత్త కాయా నేచురలే. ఇంకొందరు "మాది సీబీడీ అండీ, మత్తుండదు" అంటారు. అది గంజాయి మొక్కలోనే ఉండే ఇంకో పదార్థం. మత్తు లేదు, నిజమే. కానీ సీబీడీ కూడా కాలేయంలో మిగతా మందుల దారికి అడ్డుపడుతుంది, రక్తం పలచన చేసే మందుల పని పెంచగలదు. ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులు తెప్పించి పరీక్షిస్తే లేబుల్ మీద రాసినంత ఉన్నవి 31 శాతమే, 18 సరుకుల్లో చెప్పకుండా టీహెచ్‌సీ కూడా ఉంది. 2017లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో వచ్చిన లెక్క ఇది. లైసెన్సు ఉన్న షాపు సరుకుకి ల్యాబ్ పరీక్ష ఉంటుంది. పెట్రోలు బంకులో కౌంటరు పక్కన వేలాడే హెంప్ (అదీ గంజాయి జాతి మొక్కే) గమ్మీలకి, టీహెచ్‌సీకి దగ్గరి చుట్టమైన డెల్టా-8 వాటికి అంత భరోసా లేదు. కాలిఫోర్నియాలోలా గంజాయి షాపులు లేని టెక్సాస్‌లోని మిత్రులు నన్ను తిట్టుకున్నా సరే, పెద్దవాళ్ళకి అవి ఇవ్వకండి.

ఇంతకీ పనిచేస్తుందా? అమెరికా శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడమీస్ 2017 నివేదిక, వయోజనుల్లో దీర్ఘకాలిక నొప్పికి గట్టి ఆధారాలున్నాయంది. తరవాతి సమీక్షల్లో ఆ ఉత్సాహం తగ్గింది: కొందరికి కొంత ఉపశమనం, అంతే. నిద్రకైతే ఆధారాలు ఇంకా పలచన. మోకాలి అరుగుదలకి ఫిజియోథెరపీ, బరువు తగ్గడం, పైపూతగా రాసే డైక్లోఫెనాక్ జెల్ చూడకుండా నేరుగా గమ్మీ దగ్గరికి పరుగెత్తడంలో నాకు అర్థం కనబడదు. అవన్నీ చూశాక, డాక్టరు సరేనన్నాక, ప్రయత్నించి కాస్త హాయిగా పడుకుంటున్న పెద్దవాళ్ళని నేను చూశాను. వాళ్ళ ఆనందాన్ని కాదనను.

అలా మొదలుపెట్టేవాళ్ళకి నా పద్ధతి చెప్తాను. ఈమధ్య గుండెపోటు వచ్చినా, గుండె లయ తప్పుతున్నా, స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు తనకో రక్తసంబంధీకులకో ఉన్నా, మతిమరుపు జబ్బు ఉన్నా, మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. మొదటి రాత్రి ఇంట్లో ఇంకో మనిషి మేలుకుని ఉండాలి. ఆల్కహాల్ చుక్క ముట్టకూడదు. ఆల్‌ప్రజోలమ్ లాంటి మాత్ర ఉంటే దాన్ని సొంతంగా ఆపకూడదు, డాక్టరుని అడిగాకే గమ్మీ సంగతి. 1 లేదా 2.5 మిల్లీగ్రాములు, తేలికపాటి భోజనం తరవాత, తొందరగా, ఏడింటికల్లా. బాత్రూము దారిలో చిన్న లైటు, అడ్డంగా ఉన్న చాప తీసేయాలి. లేచేముందు మంచం అంచున నిమిషం కూర్చోవాలి. కారు మర్నాడు కూడా తల తేలిగ్గా ఉందనిపించాకే. ఒక కాగితం మీద తేదీ, ఎంత, ఎన్నింటికి, ఎలా ఉంది అని రాస్తే, డాక్టరు దగ్గర "ఏదో తింటున్నానండీ" అనాల్సిన అవసరం రాదు. 5 మిల్లీగ్రాములు దాటాల్సి వస్తోందంటే ఇంకో వైద్యం వెతుక్కోమని నేను చెప్తాను. ప్యాకెట్ తాళం వేసిన చోట ఉండాలి, ఫ్రిజ్‌లో మనవళ్ళ చాక్లెట్ల పక్కన కాదు. చిన్నపిల్లలకి ఒక్క ముక్కే చాలా ప్రమాదం.

ఒకవేళ ఎక్కువైతే, పెద్దవాళ్ళని ఒంటరిగా వదలకండి, నడిపించకండి. పడుకోబెట్టి, లైట్లు తగ్గించి, మంచినీళ్ళు అందిస్తూ, ఇది కొన్ని గంటల్లో దిగిపోతుందని చెప్తూ ఉండాలి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరి ఆడకపోవడం, మాట పడిపోవడం, కింద పడి దెబ్బ తగలడం, వీటిలో ఏదున్నా 911. అంత లేకపోయినా భయంగా ఉంటే అమెరికాలో ఎక్కడి నుంచైనా 1-800-222-1222కి ఫోన్ చేయొచ్చు. పాయిజన్ కంట్రోల్, ఉచితం, రాత్రింబవళ్ళు ఉంటారు. వయసెంత, ఏం తిన్నారు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి, ఇంకే మందులు వాడతారు అని అడుగుతారు. ప్యాకెట్‌నీ మందుల డబ్బానీ పక్కన పెట్టుకుని ఫోన్ చేయండి.